పరంపర ఎక్కడ తెగింది? డోర్నకల్ బిషప్ అజరయ్య గారి కథ

గురుపరంపర మీద మనం చేసిన వీడియో చూశాక చాలామంది దాదాపు ఒకే మాట అడిగారు. ఇద్దరు ఆచార్యులు ఒకే మంత్రానికి రెండు అర్థాలు చెబితే తేల్చేది ఎవరు? మనకంటూ ఒక పై కోర్టు లేదు కదా. క్రైస్తవులకైతే పోప్ ఉన్నారు, వాళ్ళకి ఈ తలనొప్పి ఉండదేమో అని కూడా కొందరన్నారు.

ఉందండీ. మనకన్నా ఎక్కువే ఉంది. పైగా ఆ తలనొప్పి లండన్ నుంచి, రోమ్ నుంచి బయల్దేరి మా ఖమ్మం, భద్రాచలం అడవుల అంచు దాకా వచ్చింది. మాది అశ్వారావుపేట. పాల్వంచ సంస్థానాన్ని ఏలిన అశ్వారావుల పేరే మా ఊరికి వచ్చింది. అందుకని ఈ వారం ఆళ్వారు కథో, వాగ్గేయకారుడి కథో కాకుండా ఒక క్రైస్తవ బిషప్పు గారి జీవితం చెప్తున్నాను. మన ఛానల్లో ఇదేంటి అనుకోకండి. ప్రశ్న మనది, ప్రాంతం మాది, మనిషి పక్కింటాయన. అంతే.

కొత్తగూడెం నుంచి సికింద్రాబాద్ రైలెక్కిన వాళ్ళందరికీ డోర్నకల్ జంక్షన్ తెలుసు. భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి వచ్చే బ్రాంచి లైను మెయిన్ లైనులో కలిసేది అక్కడే. మాలో చాలామందికి అది రైలు కాసేపు ఆగితే దిగి టీ తాగే చోటు. వందేళ్ళ కింద ఆ చిన్న ఊరి పేరు కేంబ్రిడ్జ్‌లో, కాంటర్‌బరీలో, స్విట్జర్లాండ్‌లో కూడా తెలుసు. అందుకు కారణం వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన తెలుగువారు కాదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. నాడార్ కుటుంబం. తండ్రి థామస్ వేదనాయకం గారు చదువుకునే వయసులో క్రైస్తవులై, తర్వాత ఆ పల్లెలోనే ఆంగ్లికన్ పాదిరీగా పనిచేశారు. నాడార్లను ఆ రోజుల్లో గుడి లోపలికి రానిచ్చేవారు కాదన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 1897లో కాముది మీనాక్షి అమ్మవారి గుడిలోకి కొందరు నాడార్లు వెళ్తే కేసు పడింది. అది లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి, 1908లో నాడార్లు ఓడిపోయారు. అంటే అమ్మవారి దగ్గరికి ఎవరు వెళ్ళొచ్చో చివరికి లండన్‌లో జడ్జిలు తేల్చారన్నమాట. మనకి పై కోర్టు లేదన్నానుగా, ఒక్కోసారి అలా కూడా ఉండేది.

అజరయ్య గారికి పదిహేనేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ చేతికి రాకుండానే బయటికొచ్చారు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. ఉద్యోగం. ఊరూరా తిరగడం, కుర్రాళ్ళతో మాట్లాడటం, ఉత్తరాలు రాయడం. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో పెళ్ళయింది. 1903లో తిరునెల్వేలి వాళ్ళతో కలిసి ఒక మిషనరీ సంఘం పెట్టారు. దాని షరతు ఒకటే, మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే. దొరల డబ్బు వద్దు. రెండేళ్ళ తర్వాత, 1905 డిసెంబరు 25న, శ్రీరాంపూర్‌లో దేశం మొత్తానికి అలాంటిదే ఇంకోటి పుట్టింది. స్వదేశీ ఉద్యమం రోజులు అవి. ఆ గాలి చర్చిలోకి కూడా వీచింది.

ఆ తిరునెల్వేలి సంఘం పనిచేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. వేరేవాళ్ళని పంపుతూ తను మద్రాసులో కూర్చోవడం ఆయనకి నచ్చలేదు. 1909లో పాదిరీగా దీక్ష తీసుకుని, కుటుంబంతో సహా ఇక్కడికి వచ్చేశారు. ముప్పై ఐదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. తమిళం మాతృభాష అయినవాళ్ళకి మన ఒత్తులు ఎంత కష్టమో మా ఆఫీసులో చెన్నై కుర్రాళ్ళని చూస్తే నాకు తెలుస్తుంటుంది.

ఇక్కడ కాసేపు ఆగి గొడవ ఏంటో చెప్పాలి. లేకపోతే ముందు కథ అర్థం కాదు.

మా వైపు ఊళ్ళలో చర్చి గురించి అడిగితే ఎవరూ కాథలిక్, ఆంగ్లికన్ అనరు. ఆర్సీఎం వాళ్ళు, సీఎస్ఐ వాళ్ళు అంటారు. ఆర్సీఎం అంటే రోమన్ కాథలిక్ మిషన్. అక్కడ ఫాదర్ ఉంటారు, ఆయన పెళ్ళి చేసుకోరు, ఆదివారం జరిగేదాన్ని పూజ అంటారు. సీఎస్ఐలో అయ్యగారు ఉంటారు, అయ్యగారితో పాటు అమ్మగారు కూడా ఉంటారు, ఆదివారం ఆరాధనకి వెళ్తారు. బయటినుంచి చూస్తే తేడా ఇంతే అనిపిస్తుంది. లోపల ఉన్నది పూర్తిగా వేరే తగాదా.

ఏసు తన శిష్యుల్లో పేతురుకి బాధ్యత అప్పగించారు, పేతురు రోమ్‌లో ప్రాణాలిచ్చారు, ఆయన తర్వాత వచ్చిన రోమ్ బిషప్పే పోప్ అని కాథలిక్కుల నమ్మకం. శిష్యులు తమ తర్వాతివాళ్ళ తల మీద చేతులుంచి బిషప్పులుగా నియమించారు, వాళ్ళు ఆ తర్వాతివాళ్ళని. అలా ఒక్క లింకు కూడా తెగకుండా ఇవాళ్టి దాకా రావాలి. అలా వచ్చినవాడికే బోధించే అధికారం, మంత్రకాండ జరిపే అధికారం. మన భాషలో చెప్పాలంటే ఆచార్య పరంపర. నా భాషలో చెప్పాలంటే బ్రౌజర్లో తాళం గుర్తు వెనకాల ఉండే సర్టిఫికేట్ చెయిన్. వెబ్‌సైటుకి ఒకరు సంతకం పెడతారు, వాళ్ళకి ఇంకొకరు, చివర్లో రూట్ ఉంటుంది. మధ్యలో ఒక్కటి చెల్లకపోతే కింద ఉన్నవన్నీ చెల్లవు.

1534లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, ఇంగ్లండ్ చర్చికి అధిపతిని నేనే, పోప్ కాదు అని చట్టం చేయించుకున్నాడు. అదే ఆంగ్లికన్ చర్చికి మొదలు. వాళ్ళు బిషప్పుల్ని వదిలేయలేదు. మా చెయిన్ తెగలేదు, పైన ఉన్న పోప్ పెత్తనం మాత్రమే తీసేశాం అన్నారు. బైబిల్లో ఉన్నదే ముక్తికి చాలు, చర్చి మహాసభలు కూడా పొరపాటు పడొచ్చు అని తమ సూత్రాల్లో రాసుకున్నారు. కాథలిక్కులు సరిగ్గా దీనికి ఎదురు దిక్కులో నడిచారు. 1870లో వాటికన్ మహాసభ, విశ్వాసం, నీతి విషయాల్లో పోప్ తన పీఠం నుంచి మొత్తం చర్చికి లాంఛనంగా చెప్పిన నిర్ణయంలో తప్పుండదని ప్రకటించింది. పోప్ నోట వచ్చిన ప్రతి మాటా తిరుగులేనిదని కాదు సుమా, చాలామంది అలా అనుకుంటారు. ఆంగ్లికన్ బిషప్పులు అంతకు మూడేళ్ళ ముందు, 1867లో, లాంబెత్ అనే చోట మొదటిసారి ప్రపంచ సభ పెట్టుకున్నారు. ఆ సభ చేసే తీర్మానాలకి ఎవరూ కట్టుబడి ఉండక్కర్లేదు, అవి సలహాలే. ఈ అయోమయం భరించలేకే ఆక్స్‌ఫర్డ్ పండితుడు న్యూమన్ 1845లో ఆంగ్లికన్ చర్చి వదిలి రోమ్ వైపు వెళ్ళిపోయారు. 2019లో రోమ్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించింది కూడా.

ఇక 1896లో పోప్ పదమూడో లియో తేల్చి చెప్పేశారు. ఆంగ్లికన్ బిషప్పుల నియామకాలు అసలు చెల్లవని. పదహారో శతాబ్దంలో, ఆరో ఎడ్వర్డ్ కాలంలో వాళ్ళు రాసుకున్న దీక్షా విధానంలో మాటలూ సరిగ్గా లేవు, ఉద్దేశమూ సరిగ్గా లేదు, అందుకని అక్కడే పరంపర తెగిపోయిందని ఆయన వాదన. సంతకాలు ఉన్నాయి గానీ ఫారమే తప్పు అన్నట్టు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ ఆర్చిబిషప్పులిద్దరూ లాటిన్‌లోనే జవాబు రాశారు. మా ఫారం తప్పయితే మీ పాత ఫారాలు కూడా తప్పే అన్నట్టుగా సాగుతుంది ఆ జవాబు.

మనకి ఇది వింతగా ఏమీ ఉండకూడదు. కంచిలో వరదరాజస్వామి సన్నిధిలో ముందు ఎవరి పాఠం చదవాలన్న వడగలై, తెంగలై గొడవ వంద ఏళ్ళకి పైగా కోర్టుల్లో తిరుగుతూనే ఉంది. దేవుడు ఒక్కడే, ప్రబంధమూ ఒక్కటే, ఆచార్యుల దగ్గరే తేడా.

సరే, అజరయ్య గారి దగ్గరికి వద్దాం. 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. అక్కడ ఆయన లేచి, దొరలు మాకోసం ఆస్తులూ ప్రాణాలూ ఇచ్చారు గానీ, మమ్మల్ని సమానంగా పక్కన కూర్చోబెట్టుకుని స్నేహం చేయలేదని మొహం మీదే చెప్పారు. సభలో చాలామందికి మింగుడుపడలేదు. అయినా మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు వెనక్కి తగ్గలేదు. ఒక భారతీయుడిని బిషప్పుగా చేయాల్సిందే అని పట్టుబట్టారు.

అడ్డంకులు ఒకటి రెండు కాదు. నల్లవాడి కింద తెల్ల పాదిరీలు పనిచేస్తారా అని కొందరు. నాడార్ కులంవాడి చేతుల మీదుగా దీక్ష తీసుకుంటామా అని మరికొందరు. వీళ్ళు భారతీయ క్రైస్తవులే, గమనించండి. తెలుగువాళ్ళకి తమిళుడు బిషప్పా అని ఇంకొందరు. వీటన్నిటి మీద ఒక చట్టపరమైన చిక్కు. అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో ఆంగ్లికన్ చర్చి అంటే ప్రభుత్వ శాఖలాంటిది, బిషప్పు నియామకానికి రాజుగారి ఫర్మానా కావాలి. డోర్నకల్ నిజాం రాజ్యంలో ఉండటం అక్కడ కలిసొచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్లో బిషప్పులు ఆయన తల మీద చేతులుంచారు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. వయసు 38. ఇంగ్లండ్ చర్చి బిషప్పు, ముస్లిం నవాబు రాజ్యంలో, తమిళుడు, తెలుగు పల్లెలకి. ఇంత కలగాపులగం మన దేశంలోనే కుదురుతుంది.

రోమ్ లెక్కలో ఆ రోజు కలకత్తాలో జరిగింది సున్నా. 1896 తీర్పు ప్రకారం ఆ చేతులకి అధికారమే లేదు. కాథలిక్కులు కూడా ఆ తర్వాత దేశీయుల్ని బిషప్పులుగా చేశారు. 1923లో తూత్తుకుడి పీఠానికి టిబర్షియస్ రోచ్ గారు వచ్చారు. అజరయ్య గారు పుట్టిన సీమే అది. మన వైపు 1940లో గుంటూరు పీఠానికి పోతకమూరి థామస్ గారు వచ్చారు.

డోర్నకల్ డయాసిస్ మొదట్లో చాలా చిన్నది, క్రైస్తవులు కొన్ని వేల మందే. 1920ల్లో కృష్ణా జిల్లా, కర్నూలు వైపు, ఖమ్మం వైపు ఆంగ్లికన్ మిషన్లు కూడా దాని కిందికి వచ్చాయి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం మిషను కూడా అందులోదే. ఆ మిషను మొదలుపెట్టింది ఒక ఇంజినీరు కావడం నాకు ముచ్చటేస్తుంది. కాటన్ దొర ప్రోత్సహించిన గోదావరి పడవ మార్గం పనుల మీద వచ్చిన హైగ్ దొర, 1860ల్లో కోయవాళ్ళ మధ్య దాన్ని మొదలుపెట్టారు. అప్పటికి భద్రాచలం తాలూకా నిజాం చేతినుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చి ఎంతోకాలం కాలేదు.

అజరయ్య గారు ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన తిరిగారు. ఎక్కువగా మాల, మాదిగ వాడలే. అప్పు, తాగుడు, మురికి, రోగం, ఈ నాలుగూ పల్లెను పట్టిన దయ్యాలని ప్రతి చోటా చెప్పేవారు. ఊరికో పంతులు, పంతులు చేత రాత్రి బడి. చర్చి లోపల కులం పేరెత్తితే ఊరుకునేవారు కాదు. మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు కూర్చునే చోట ఆయనకి పెద్ద యుద్ధమే అయింది, పూర్తిగా గెలవలేదు కూడా. 1930లు వచ్చేసరికి డయాసిస్‌లో రెండు లక్షల మందికి పైనే ఉన్నారు. తెలుగు కీర్తనలు, తాళాలు, పంట పండుగలు, జాతరలు, అన్నీ ఆరాధనలోకి తెచ్చారు. డోర్నకల్‌లో పాతికేళ్ళ పాటు కట్టించి 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన కెథీడ్రల్ చూస్తే మనకే అర్థమవుతుంది. స్తంభాలు మన గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి, గుమ్మటాలు నిజాం కట్టడాలని.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇంకోటి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళ చేత ఆయన ఒక పని చేయించేవారు. తమ చేయి తమ తల మీద పెట్టుకుని, నేను తెలుసుకున్నది పదిమందికి చెప్పకపోతే నాకు కీడు అని ప్రమాణం చేయాలి. ఎవరి చేత? చదువు రాని కూలీల చేత, పాలేర్ల చేత, ముసలమ్మల చేత. బిషప్పుకి బోధించే అధికారం రావాలంటే ఇంకో బిషప్పు చేయి తల మీద పడాలి. ఈ పాలేరు తల మీద తన చేయే. బోధించే అధికారం ఎవరిదని రోమ్, కాంటర్‌బరీ వందల ఏళ్ళు కొట్టుకుంటుంటే, ఈయన దాన్ని వాడ చివర గుడిసె దాకా పంచేశారు. బిషప్పు పదవిని ఆయన తేలిగ్గా తీసుకున్నారని కాదు, పరంపర ఉండాల్సిందే అని చివరిదాకా అన్నారు. అది ఎవరికోసం అన్న దగ్గరే ఆయన లెక్క వేరు.

మనం తిరుకోష్టియూరు వీడియోలో చెప్పుకున్నాం కదా, గురువుగారు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులవారు గోపురం ఎక్కి అందరికీ చెప్పేశారని. ఆయన పరంపరని కాదనలేదు. ఆ గురువు దగ్గరికి పద్దెనిమిది సార్లు తిరిగి మరీ ఉపదేశం తీసుకున్నారు. తీసుకున్నాక గోపురం ఎక్కారు. రెండు సంప్రదాయాలూ ఒకటేనని నేను అనను. సిద్ధాంతాలు వేరు, దేవుడి గురించి చెప్పేదీ వేరు. కానీ పరంపరలో ఉంటూనే తలుపు తీసినవాళ్ళ స్వభావం మాత్రం దగ్గరగానే ఉంటుంది.

గాంధీగారి సంగతి దాటేసి పోతే నిజాయితీ కాదు. 1936, 37లో వాళ్ళిద్దరి మధ్య గట్టి విభేదమే వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు మతం మారడం గాంధీగారికి నచ్చలేదు. దళితులు అర్థం చేసుకుని మారడం లేదు, పాదిరీలు వాళ్ళ పేదరికాన్ని వాడుకుంటున్నారు అన్నది ఆయన అభ్యంతరం. వాళ్ళకి సొంత బుద్ధి లేదనడం కూడా ఒక రకంగా చిన్నచూపే కదా అన్నది అజరయ్య గారి వైపు జవాబు. మళ్ళీ అదే ప్రశ్న చూడండి, సత్యం గురించి నిర్ణయించే అర్హత ఎవరికుంది? మహాత్ముడికా, బిషప్పుకా, ఆ పాలేరుకా? గాంధీగారి బాధ నాకు అర్థమవుతుంది. మన ఇంట్లోంచి మనిషి వెళ్ళిపోతుంటే ఎవరికైనా బాధే. అయితే ఆ ఇంట్లో అతన్ని గడప బయటే కూర్చోబెట్టాం. తిరువాన్కూరు మహారాజు గుడి తలుపులు అందరికీ తెరిచింది 1936 నవంబరులో, ఈ వాదం నడుస్తుండగానే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య గారు గట్టిగా వ్యతిరేకించారు. చర్చిని ఒక ఓటు బ్యాంకుగా చేసుకోవడం ఆయనకి అసహ్యం.

ఇక ఆయన జీవితంలో సగం తీసుకున్న పని. అప్పట్లో తెలుగునాట ప్రొటెస్టెంట్ మిషన్లు ఒకరి జోలికి ఒకరు పోకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. గుంటూరులో లూథరన్లు, ఒంగోలు, నెల్లూరులో బాప్టిస్టులు, కడపలో లండన్ మిషను, మెదక్‌లో మెథడిస్టులు, మచిలీపట్నం, ఖమ్మం వైపు ఆంగ్లికన్లు. మనం ఏ సిద్ధాంతం నమ్మాలన్నది మన పిన్‌కోడ్ నిర్ణయించినట్టు. ఆర్సీఎం వాళ్ళు ఆ పంపకంలో చేరలేదు, వాళ్ళకి చర్చి అంటే ఒక్కటే కాబట్టి. మెదక్ నుంచి కూలికి ఖమ్మం వచ్చిన మెథడిస్టు కుటుంబానికి ఇక్కడి ఆంగ్లికన్ పాదిరీ ప్రభువు బల్ల ఇవ్వొచ్చా? నియమాల ప్రకారం చిక్కే. ఐరోపాలో ఎప్పుడో రాజులూ పండితులూ పోట్లాడుకున్న గొడవకి ఇక్కడి కూలీ ఎందుకు శిక్ష అనుభవించాలి అన్నది అజరయ్య గారి వాదం.

1919 మే నెలలో తరంగంబాడిలో ఆయన ముందుండి ఒక సమావేశం పెట్టారు. ముప్పై ముగ్గురు పాదిరీలు, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అందరం ఒకటవుదాం, బైబిలు, రెండు పాత విశ్వాస ప్రమాణాలు, రెండు సంస్కారాలు, పరంపరగా వచ్చిన బిషప్పు పదవి, ఈ నాలుగూ ఆధారం అన్నారు. అక్కడినుంచి కమిటీలు, ముసాయిదాలు, సవరణలు. 1927లో స్విట్జర్లాండ్ లోజాన్ సభలో కూడా ఆయన ఇదే మాట్లాడారు. మరుసటి జనవరిలో పోప్ పదకొండో పయస్, ఇలాంటి ఐక్యతా సభల్లో కాథలిక్కులు పాల్గొనకూడదని లేఖ విడుదల చేశారు. ఐక్యత కావాలంటే దారి ఒకటే, రోమ్‌కి తిరిగి రావడమే.

అసలు ముడి ఒక్క చోట పడింది. మెథడిస్టు పాదిరీల తల మీద బిషప్పు చేయి ఎప్పుడూ పడలేదు. కలిశాక వాళ్ళకి మళ్ళీ దీక్ష ఇవ్వాలా? ఇస్తే, ఇన్నాళ్ళూ మీరు చేసిందంతా చెల్లదు అన్నట్టే. రోమ్ ఆంగ్లికన్లని ఏమన్నదో, ఆంగ్లికన్లు మెథడిస్టుల్ని అదే అన్నట్టు. ఇవ్వకపోతే పరంపరకే అర్థం లేదు. చివరికి కుదిరిన రాజీ ఇది. పాతవాళ్ళని పాతవాళ్ళుగానే ఒప్పుకుంటాం, ఇకముందు వచ్చేవాళ్ళందరికీ బిషప్పులే దీక్ష ఇస్తారు, ముప్పై ఏళ్ళు గడిచాక మళ్ళీ కూర్చుని చూద్దాం. పాత యూజర్లని మళ్ళీ రిజిస్టర్ చేయమనకుండా కొత్త సిస్టమ్‌లోకి తెచ్చినట్టు. ఇష్టం లేని పాదిరీని ఏ సంఘం మీదా రుద్దబోమని మాట కూడా ఇచ్చుకున్నారు.

ఇంగ్లండ్‌లో కాథలిక్ ధోరణి ఉన్న ఆంగ్లికన్లు మండిపడ్డారు. కవి టి. ఎస్. ఎలియట్ 1943లో దీనికి వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకమే రాశారు. వాళ్ళది ఉత్త మొండితనం అని కొట్టేయలేం. ముప్పై ఏళ్ళు చెయిన్ లేనివాళ్ళని కూడా నడవనిస్తే, ముప్పై ఒకటో ఏట చెయిన్ ఎందుకని జనం అడగరా? సెక్యూరిటీలో పనిచేసినవాళ్ళెవరైనా ఈ ప్రశ్న వేస్తారు. తాత్కాలిక మినహాయింపు అంత శాశ్వతమైనది లోకంలో ఇంకోటి లేదు. అయినా వాడ చివరి కూలీ వైపు నుంచి చూస్తే అజరయ్య గారి మాటే సరైందని నాకనిపిస్తుంది.

1930లో ఇండియాలోని ఆంగ్లికన్ చర్చి లండన్ చట్టాల నుంచి విడిపోయి స్వతంత్రమైంది. లండన్ పార్లమెంటు అనుమతి లేకుండానే ఇక్కడివాళ్ళు నిర్ణయం తీసుకోవచ్చు. కానీ ఆ నిర్ణయం ఆయన చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అక్కడే సమాధి. అదే నెలలో మద్రాసులో ఆంగ్లికన్ మహాసభ ఐక్యతకి ఓటేసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పుట్టింది. మనం సీఎస్ఐ అంటున్నది దాన్నే. లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు.

చేరనివాళ్ళు సొంత ఇంట్లోనూ ఉన్నారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది ఆగిపోయారు. వాళ్ళకి మొదట బోధించిన మిషను కాథలిక్ ధోరణికి దగ్గరిది. బిషప్పు చేయి పడనివాళ్ళ చేతి ప్రసాదం మాకొద్దు అన్నారు. అజరయ్య గారు తిరిగిన పల్లెలే అవి. ఆయన దీక్ష ఇచ్చినవాళ్ళూ, బాప్తిస్మం ఇచ్చినవాళ్ళూ రెండుగా చీలారు. కొన్ని ఊళ్ళలో ఒకే వీధిలో రెండు చర్చిలు, రెండు రిజిస్టర్లు. 1963లో నంద్యాలకి వేరే డయాసిస్ కూడా వచ్చింది. వాళ్ళు సీఎస్ఐలో కలిసింది 1975లో. ఐక్యత కోసం బతికిన మనిషి వారసత్వంలో ఇరవై ఎనిమిదేళ్ళ చీలిక. ఆ గొడవలో అటువైపూ ఇటువైపూ నిలబడ్డది ఎక్కువగా పొలం పనులు చేసుకునే జనమే. సిద్ధాంతం వాళ్ళకి తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను.

రోమ్, కాంటర్‌బరీ మధ్య కూడా మంచు కొంత కరిగింది. 1966లో ఆర్చిబిషప్ మైఖేల్ రామ్‌సే రోమ్ వెళ్ళినప్పుడు పోప్ ఆరో పాల్ తన వేలి ఉంగరం తీసి ఆయనకి తొడిగారు. చెల్లని బిషప్పుకి ఎవరైనా బిషప్పు ఉంగరం తొడుగుతారా అని అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. తర్వాత రెండు వైపుల పండితులూ కూర్చుని, బోధనాధికారం మీద 1976లో వెనిస్‌లో ఒక ఉమ్మడి పత్రం, ఆ తర్వాత ఇంకొన్ని తెచ్చారు. 1988లో ఖమ్మానికి సొంత కాథలిక్ డయాసిస్ వచ్చింది. ఇప్పుడు డోర్నకల్ బిషప్పు గారు, ఖమ్మం బిషప్పు గారు, ఇద్దరి మనుషులూ మా వైపు ఒకే బస్సుల్లో, ఒకే సంతల్లో తిరుగుతుంటారు. 1896 నాటి తీర్పు మాత్రం రోమ్ ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. ఆ లెక్క ప్రకారం డోర్నకల్ సమాధిలో ఉన్నాయన బిషప్పు కానే కాదు. మీరు అటు వెళ్ళి ఏ పల్లెలో అడిగినా, బిషప్పు గారు అనే చెప్తారు.